రెక్కల రాయుడి పెళ్లాం కోసం రెండు రోజులు

సిద్దిపేట నుంచి వర్గల్ పెద్ద దూరం కాదు. తెలిసినవాళ్లు పొద్దున బస్సెక్కి, పని చూసుకొని, అన్నం వేళకు ఇంట్లో ఉంటారు. నాకు రెండు రోజులు పట్టింది. ఒక చెప్పు తెగింది, ఒక ఊరు అనవసరంగా తిరిగాను, ఇంకో ఊరు దారి తప్పి చూశాను. పోనివాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. నాకు అచ్చు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, చేతిరాత అసలు అంతుపట్టదు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రమ రాస్తున్నది. నా మాటను పుస్తకం మాటగా మారుస్తానంటే సరేనన్నాను. మనుషులు మాట్లాడింది మాత్రం మాట్లాడినట్టే ఉంచమన్నాను.

ఎందుకు బయల్దేరాను

మా ఆయనకు పాత బస్టాండు దగ్గర పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. చిన్న జాగ, ఇద్దరు లోపల నిలబడితే మూడో మనిషి బయటే. నవలలూ వారపత్రికలూ ఉన్నా, దుకాణం నడిచింది రెక్కల రాయుడి మీదే. తెలియనివాళ్లకు చెబుతాను. రాయుడు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. ఎవరికైనా ఆపద వస్తే వీపులోంచి ఇనుప రెక్కలు వస్తాయి, ఎగిరిపోయి కాపాడతాడు. నెలకొక బొమ్మల పుస్తకం. మొదలుపెట్టిన రచయిత ఒకాయన. ఆయన మానేశాక ఇంకో సారు పట్టుకొని పన్నెండేళ్లు రాశాడు. నా తగాదా ఈ రెండో సారుతో.

కొత్త పుస్తకం రాగానే పిన్నులు పీకి, దబ్బనంతో దారం వేసి కుట్టి, ఖాకీ అట్ట వేసేది నేను. పిన్నుల మీద వదిలేస్తే పది చేతులు మారేసరికి నడుమ కాగితాలు ఊడిపోతాయి. చిరిగి వస్తే మళ్లీ కుట్టేదీ నేనే. అందుకే చదవకపోయినా ఏ కథ బాగుందో నాకు తెలిసేది. మొదటి కుట్టు మీదే ఉన్నదంటే జనం తిప్పి చూసి వదిలేశారన్నమాట. మూడు కుట్లు పడ్డాయంటే ఇల్లిల్లూ తిరిగొచ్చింది. పసుపు మరక, బీడీ చురక, చాయ్ గ్లాసు అడుగు, ఇవన్నీ నాకు మార్కులే. ఆ సారు రాసిన మొదటి ఏడేళ్ల పుస్తకాలు కుట్టి కుట్టి నా వేళ్లు కాయలు కాశాయి. చివరి ఐదేళ్లవి మడత కూడా నలగలేదు. చాలించొచ్చు కదా. చాలించలేదు.

ఆదివారం దుకాణం మూసి మా ఆయన నాకు చదివి వినిపించేవాడు. గొడవ అక్కడ మొదలైంది. ఎర్ర దారం వేసిన ఒక పుస్తకంలో రాయుడు తన పెళ్లాం కమలను రైల్వే స్టేషన్‌లో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని ఎగిరిపోతాడు. వాన కొడుతుంటుంది. పేజీ తిప్పితే సముద్రంలో ఎవడితోనో కొట్లాట. అది అయిపోగానే తెల్లారి స్తంభమెక్కి డ్యూటీ చేస్తుంటాడు. కమల ఊసే లేదు. ఆ తర్వాతి నెలది ఆకుపచ్చ దారం పుస్తకం. అందులో అదే రాయుడు, జుట్టు విరబోసుకొని వేరే చీర కట్టుకున్న ఒకామె భుజాల మీద దుప్పటి కప్పుతుంటాడు. ఇక అన్ని పుస్తకాల్లో వాళ్లింట్లో ఆమెనే. మా ఆయన చదివేటప్పుడు ఆమెనే కమల అనేవాడు.

"గామె ఎవలు?"

"కమలనే."

"కమల నీలం చీర కట్టింది, జడేసుకున్నది. గీమె వేరే."

"కాదే. పోయి తీసుకొచ్చిండు. నేను చదివిన."

"తీసుకొచ్చిన బొమ్మ చూపియ్యి మరి."

"గిదే కదనే, దుప్పటి కప్పుతుండు."

"గిది తర్వాతి నెలది. నెల దినాలు వానల కూసోబెట్టిండా?"

అక్కడికి ఆయనకు దుకాణంలో ఏదో పని గుర్తొచ్చేది. ఇంకో వింత, ఆ రెండు పుస్తకాలనూ ఎవరడిగినా జంటగానే ఇచ్చేవాడు, ఒక్కదాని కిరాయికే. అదేమంటే, "గవి గట్లనే పోవాలె" అనేవాడు. ఆ రచయితను వెనకేసుకురావడానికి ఇంకెన్ని చేస్తాడో అని నాకు ఒళ్లు మండేది.

మూడేళ్ల కింద ఆయన దవాఖానలో ఉన్నప్పుడు కూడా ఎందుకో ఈ మాట వచ్చింది. "తీసుకొచ్చిండే" అన్నాడు. "ఇగనన్న బంజేయి, నాకెందుకు అబద్ధాలు చెప్తవ్" అన్నాను. మరునాటికి ఆయన లేడు. ఆయనతో నేను ఆడిన ఆఖరి మాట అది. కాబట్టి అది అబద్ధమో నిజమో నాకు తేలాలి. రమ చదివి చెబుతానన్నది. ఇంటివాళ్ల తీర్పు ఒకటి విన్నాను, ఇంకోటి వద్దన్నాను. రాసినాయన నోటితోనే చెప్పించాలని బయల్దేరాను.

మొదటి రోజు: బెజ్జంకి

పుస్తకాల వెనక ఉత్తరాల పేజీలో సారు ఊరు బెజ్జంకి అని అచ్చు వేశారు. బాగా చిరిగినవి కొన్ని, అసలు నలగనివి కొన్ని, ఆ ఎర్ర దారంది, ఆకుపచ్చ దారంది, మొత్తం ముప్పై పుస్తకాలు ఏరి ఉల్లిగడ్డల సంచిలో వేసుకొని కరీంనగర్ బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఊరికే అన్న మాటే గానీ, కూర్చునే చోటు మాత్రం ఎవరూ ఊరికే ఇవ్వరు. కండక్టర్ ఆడపిల్ల.

"అవ్వా, నీకు టికెట్ లేదు గని సంచికి కొట్టాలె."

"సంచి కూడ ఆడిదే అనుకో బిడ్డా."

"దాని ఆధార్ చూపియ్యి మరి."

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు, సంచి ఒళ్లో పెట్టుకున్నాను. ముప్పై పుస్తకాల బరువుకు మోకాళ్లు తిమ్మిరెక్కాయి.

పెద్ద రోడ్డు మీద దిగి ఊళ్లోకి ఆటో. ముగ్గురు కూర్చునే దాంట్లో పదిమందిమి ఎక్కాం. ఇరవై రూపాయలు. దిగేటప్పుడు ఎవరో నా చెప్పు తొక్కి పట్టుకున్నారు, నేను దిగాను, చెప్పు దిగలేదు. దబ్బనం, దారం నా నడుముకు ఎప్పుడూ ఉంటాయి గనుక అక్కడే అరుగు మీద కూర్చొని కుట్టుకున్నాను. నా పుస్తకాల కుట్టు కంటే గట్టిగా వచ్చింది.

ఇక సారు ఇల్లు అడగడం. "రెక్కల రాయుడు సారు యాడ ఉంటడు?" అని ఎరువుల దుకాణం దగ్గర అడిగితే ఒకతను, "ప్లాట్లమ్మే రాయుడా?" అన్నాడు. ఇంకొకతను ఆ సారుకు ఏ దేవుడు పూనుతాడని అడిగాడు. పుస్తకం తీసి చూపించాను. ఇద్దరూ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఫోన్లో ఉంటదేమో చూసుకోరాదా అవ్వా అన్నారు. ఫోన్లో మనిషి ఇల్లు ఉంటుందా అంటే ఉంటుందట. చూశారు, లేదు.

చివరికి చెప్పింది సర్వపిండి అమ్మే ఆమె. మేం బియ్యప్పిండి ముద్దను గిన్నెకు ఒత్తి మూత పెట్టి మగ్గనిస్తాం. ఈమె పెద్ద పెనం మీద తడిగుడ్డతో ఒత్తి వేస్తుంది, కరకరలాడుతుంది గానీ నడుమ మెత్తదనం ఉండదు. ఒకటి పాతిక రూపాయలు. సిద్దిపేటలో ఇంత పెద్దది ముప్పైకి తక్కువ రాదు, అది ఒప్పుకోవాలి.

"బొమ్మల పుస్తకాల సారా? ఇల్లమ్ముకొని పోయి ఆరేండ్లాయె. వర్గల్ గుడికాడ కిరాయికి ఉంటుండు" అన్నది.

వర్గల్ అంటే మా ఇంటికి పూర్తిగా అవతలి దిక్కు. పొద్దుటి నుంచి పడిన పాట్లన్నీ దండగ. నా ముఖం చూసి ఆమె ఇంకో సర్వపిండి పెట్టింది. సంచిలోంచి ఒక పుస్తకం లాగి, చేతులు కొంగుకు తుడుచుకొని తిప్పింది.

"గిది నేను చదివిన పెద్దమ్మా. రెక్కలు విరిగిపోతయి, నడుసుకుంట ఇంటికి పోతడు. దారి పొంటి అందరు పలకరిస్తరు. కొట్లాటే ఉండదు. నాకు గదొక్కటే యాదికున్నది."

అది ఐదు కుట్లు పడ్డ పుస్తకం. మా దుకాణంలో అన్ని కుట్లు ఇంక దేనికీ పడలేదు. ఆమె దాన్ని చాలాసేపు వదల్లేదు, పెనం మీదది మాడింది. రెండో సర్వపిండికి డబ్బులు తీసుకోలేదు. నేను వచ్చిన దారినే సిద్దిపేట చేరి పడుకున్నాను.

రెండో రోజు: అడగకుండా ఎక్కినందుకు మర్కూక్

గజ్వేల్ దాకా బస్సు బాగానే వచ్చింది. అక్కడ టిఫిన్ డబ్బాలు, పూలు పట్టుకొని ఆడవాళ్లంతా ఒక ఆటో ఎక్కుతున్నారు. గుడికే కదా అనుకొని నేనూ ఎక్కి కూర్చున్నాను. అడగాల్సింది. సగం దారి దాటాక పక్కామె, "మీరు గూడ సాగర్ చూడటానికేనా?" అన్నది. వాళ్లు పోతున్నది మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్‌కు. దింపమంటే ఆటో అతను, "గీడ దిగి ఏం జేస్తవ్ అవ్వా, నీళ్లన్న సూడు" అన్నాడు.

చూశాను. నీళ్లు చాలా ఉన్నాయి. మా కోమటి చెరువు కట్ట మీద బెంచీలుంటాయి, లైట్లుంటాయి, నడిచి నడిచి కూర్చోవచ్చు. ఇక్కడ కట్టెక్కితే ఎండ, దిగితే ఎండ. ఆ ఆడవాళ్లు నాకు పులిహోర పెట్టారు, పెట్టినందుకు వాళ్ల ఫోన్ నా చేతికిచ్చి అందరినీ ఫోటో తీయమన్నారు. తీశాను. తలలు రాలేదన్నారు. మళ్లీ తీశాను. ఈసారి తలలే వచ్చాయట. పులిహోరలో నిమ్మకాయ పిండారు, మేం చింతపండే వేస్తాం. తిన్నాను గనుక ఏమీ అనలేదు.

రెండు ఆటోలు మారి వర్గల్ గుట్ట కిందికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కుట్టుకున్న చెప్పు మాత్రం చెక్కుచెదరలేదు.

వర్గల్ గుట్ట కింద

పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఇక్కడికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దారి పొడుగునా పలకల దుకాణాలే. ప్రతి పిల్లా చేయి పట్టుకొని బియ్యంలో రాయిస్తుంటే ఏడుస్తున్నది. మా ఇంట్లో మా అన్నలకు పలక కొన్నారు, నాకు చీపురిచ్చారు. నేను ఏడ్చినట్టు కూడా గుర్తు లేదు.

"ఎవలికి అవ్వా అక్షరాభ్యాసం?" అన్నాడు పలకలమ్మే అతను.

"నాకే."

"పలక నలభై. నీకైతే బలపం ఊకనే ఇస్త."

సారు ఇల్లు అతనికి తెలుసు. వెనక గల్లీలో చివరి గది. పోతే ఒక ముసలాయన బనీనుతోనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"ఎవరమ్మా?"

"నీ పుస్తకాలకు కుట్లేసినదాన్ని సారూ. సిద్దిపేట."

ఆయనకు అర్థం కాలేదు. సంచి గడపలో బోర్లించాను. రాయుణ్ని చూడగానే చిక్కుడుకాయల చాట పక్కకు జరిపాడు. నేను నీళ్లయినా అడగకుండా రెండు కుప్పలు పోశాను. చిరిగినవి ఒకవైపు, తెల్లనివి ఒకవైపు. ఏ కుట్టు ఎందుకు పడిందో చెప్పాను. ఆయన చేయి తెల్లవాటి మీదికే పోయింది.

"గివి నా మంచి కథలమ్మా. చాన ఆలోచన జేసి రాసిన."

"మంచియైతే ఇంత తెల్లగెందుకున్నయి సారూ?"

"జనానికి అర్థం కాలే."

"అర్థం కాకుంటే చింపుతరు, గీతలు గీస్తరు, తిట్టుకుంట తెచ్చిస్తరు. గివి తెరిస్తే కొత్త వాసనొస్తుంది చూడు."

ఆయన నిజంగానే తెరిచి వాసన చూశాడు. మూసి కుప్ప మీద పెట్టాడు. తర్వాత, "ఐదేండ్లు ఎక్కువ రాసిన" అన్నాడు. "ఏడో ఏడు కాంగనే చెప్పాల్సిన మాట అయిపోయింది. ఇంకో పని రాకపాయె నాకు."

ఆ మాటకు నేను కొంచెం తగ్గాల్సింది. తగ్గలేదు. ఐదు కుట్ల పుస్తకం తీసి చేతిలో పెట్టి, బెజ్జంకిలో సర్వపిండి ఆమె చెప్పింది చెప్పాను. ఆయన ఆ కుట్లను వేలితో ఒక్కొక్కటి తడిమాడు.

"గిది వద్దన్నరు అప్పుడు. కొట్లాట లేదు, ఎవరు కొంటరని. నేను గూడ గట్లనే అనుకున్న."

"మా దుకాణంల గిదే ఫస్టు. సరే, గది ఇడిసిపెట్టు. కమలను స్టేషన్ల ఇడిసిపెట్టి ఇంకోదాన్ని ఇంట్ల పెట్టుకున్నడు. ఏ ముఖంతోని రాసినవ్ గది?"

ఆయనకు కోపం వచ్చింది. అప్పటి దాకా రాలేదు.

"ఎవలన్నరు? నా కమలను నేను ఇడిసిపెడ్తనా? నాలుగు పేజీలు రాసిన. ఉరికొస్తడు, ఆమె వానకు తడిసి చలికి వణుకుతుంటది, స్టేషన్ల చాయమ్మే ముసలామె తన పొడి చీర ఇస్తది, రాయుడు దుప్పటి కప్పి తీసుకపోతడు. ఏ పుస్తకంల లేదంటవ్?"

ఎర్ర దారం పుస్తకం ఇచ్చాను. ఆయన స్టేషన్ పేజీ తిప్పి, సముద్రం చూసి, కళ్లద్దాలు సవరించుకున్నాడు. "గిది గీ కథది కాదు" అని ఆకుపచ్చ దారం పుస్తకం లాక్కొని నడుమకు తెరిచాడు. దుప్పటి కప్పే బొమ్మ.

"గివీ నా నాలుగు పేజీలు. నడుమ కాగితం మారిపోయిందమ్మా. దీంది దాంట్ల, దాంది దీంట్ల పెట్టి కుట్టిన్రు. కుట్టింది ఎవలు?"

కుట్టింది నేను. నాకు ఆ రోజు గుర్తొచ్చింది. ఆ రెండు నెలల పుస్తకాలు హైదరాబాద్ నుంచి ఒకే కట్టలో ఆలస్యంగా వచ్చాయి. మా అమ్మ దినాలు చేసి వచ్చిన మరునాడు, పని ఆగిపోయిందని కూర్చున్నాను. రెండింటి పిన్నులూ ఒకేసారి పీకి కింద పరిచాను. అంతలో కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, కాగితాలు లేచాయి. రెక్కలు చూసి, ఆకాశం చూసి, తోచినట్టు పేర్చి, ఎర్ర దారం ఒకదానికి, ఆకుపచ్చది ఒకదానికి వేశాను. ముసలామె చీర ఇచ్చినట్టు రాసి ఉన్నా నాకెలా తెలుస్తుంది, ఆ మాట ఆయన చదివి వినిపించలేదు, నేను చూసేది బొమ్మలే.

"కింద పెన్సిల్‌తో ఏదో రాసుంది" అన్నాడు సారు.

ఆ పెన్సిల్ రాతలు నేను ఎన్నోసార్లు చూశాను. ఎవరెవరు తీసుకుపోయారో గుర్తులనుకున్నాను. సారు చదివాడు. ఎర్ర దారం పుస్తకంలో, స్టేషన్ పేజీ అడుగున: "ఇక్కడ ఆగి ఆకుపచ్చ దారం పుస్తకం నడుమ నాలుగు పేజీలు చదవాలె. మళ్ల ఇదే పుస్తకం చివర." ఆకుపచ్చ దారం దాంట్లో, దుప్పటి బొమ్మ కింద: "ఇవి ఎర్ర దారం పుస్తకానివి. ఎవరు కుట్టు విప్పొద్దు."

ఎవరూ కుట్టు విప్పొద్దట. ఊరందరికీ చెప్పాడు, నాకు తప్ప. ఒక్క మాట, నీ చేతిలో తప్పు పడిందే అంటే నేనేం చేసేదాన్ని? అరిచేదాన్ని, విప్పి మళ్లీ కుట్టేదాన్ని, పావుగంట పని. దానికి బదులు అన్నేళ్లు నా దగ్గర అబద్ధాలవాడిగా పడి ఉన్నాడు. దవాఖానలో కూడా అదే పేరు మోసుకొని పోయాడు. ఇంత చిరాకు నాకు ఆయన బతికున్నప్పుడు కూడా రాలేదు. గోడకు ఒరిగి కూర్చుంటే సారు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

తర్వాత లోపలికి పోయి బ్లేడు తెచ్చాడు. "కట్ చేసి ఏ కాగితం యాడిదో ఆడ పెట్టుకుందాం. దబ్బనం ఉంది కదా నీ దగ్గర."

"బ్లేడు లోపట పెట్టు సారూ."

"తప్పు తప్పే కదమ్మా."

"విప్పొద్దని రాసిండు కదా. చదివింది నువ్వే."

ఆయన ఐదు కుట్ల పుస్తకం ఒక్కటి ఉంచుకుంటానని అడిగాడు. తన దగ్గర ఒక్కటి కూడా మిగల్లేదట. ఇచ్చాను. తెల్లవి కూడా ఇస్తానంటే వద్దన్నాడు.

తిరుగు బస్సు

గజ్వేల్ నుంచి బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఒక పడుచామె, ఒళ్లో పొద్దున అక్షరాభ్యాసమైన పాప, పాప చేతిలో కొత్త పలక. పాప నిద్రపోయింది. సంచిలోంచి పుస్తకాలు కనబడుతుంటే ఆమె, "ఒకటి చూడొచ్చా అమ్మమ్మా, ఊకె ఫోన్ చూసి చూసి తలనొస్తుంది" అన్నది. పైన ఉన్నది తీసుకోమన్నాను. పైన ఎర్ర దారం పుస్తకం ఉంది.

కుకునూరుపల్లి దాకా తల ఎత్తకుండా చదివింది. పేజీ తిప్పింది, వెనక్కి వచ్చింది, మళ్లీ తిప్పింది.

"గిదేంది అమ్మమ్మా? పెండ్లాన్ని వానల కూసోబెట్టి పోయిండు, మళ్ల వస్తనే లేడు. రాసినోడికి బుద్ధుందా?"

"వస్తడు" అన్నాను. "గా పెన్సిల్‌తోని రాసింది చదువు. సంచిల ఆకుపచ్చ దారందున్నది, తియ్యి."